వంతులవారీ షికార్లు

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. మహమ్మారి వచ్చి తలుపులు మూయించిన ఆరో వారంలో, ఆ ఇంటి చిన్నపిల్ల సుద్దముక్కతో నేలమీద గీత గీసి, "ఇది దాటితే ఊరుకోను," అని అక్కకు హద్దు పెట్టేసింది. నానమ్మ మంచం సరిగ్గా గీత మీద పడింది. "మరి నేనెవరి వైపే?" అని ఆవిడ అడిగితే ఇద్దరూ మూతి ముడుచుకున్నారు. వంటగదిలోంచి తొంగిచూసిన తల్లి, ఇక ఇలా లాభం లేదనుకుంది.

ఆమె నీళ్ల శాఖలో మీటర్లు చదివే మనిషి. పన్నెండేళ్లుగా వీధి వీధీ తిరిగి, మూతలెత్తి, టార్చి వేసి, అంకెలు రాసుకునే ఉద్యోగం. అందరూ మీటరక్క అంటారు. ఇప్పుడు రీడింగులు ఆపేశారు. వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్లి ఫోన్లు ఎత్తితే చాలు. భర్తది బ్రెడ్డు ఫ్యాక్టరీలో పని, ఆయనకు సెలవు లేదు. పార్కులకూ సినిమా హాళ్లకూ తాళాలు పడ్డాయి. సాయంత్రం రెండు గంటలు మాత్రం బయట నడవొచ్చు, గుంపు కూడకూడదు. నడిచి ఎక్కడికి పోవాలన్నది ఊరందరి బెంగ. మీటరక్కకు ఆ బెంగ లేదు. ఆ ఊరి సందులన్నీ ఆమెకు కొట్టిన పిండి.

మర్నాడు సాయంత్రం కాగితాలూ పెన్సిళ్లూ సంచిలో వేసుకుని, "మాస్కులు పెట్టుకోండి, వేటకు పోతున్నాం," అంది.

"దేన్ని వేటాడాలమ్మా?"

"మూతల్ని."

నీళ్ల వాల్వుల మీద ఇనప మూతలుంటాయి. వాటిని పోతపోసిన సంవత్సరం వాటిమీదే ఉంటుంది. కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దితే అంకెలు తేలి వస్తాయి. ఎక్కువ పాతది ఎవరికి దొరికితే వాళ్లదే గెలుపు. పిల్లలిద్దరూ రోడ్డు పక్కన మోకాళ్లమీద పడ్డారు. కాళ్ల నొప్పులంటూ ఎన్నడూ వీధి చివర దాటని అత్తగారు ఏకంగా రెండు వీధులు దాటిపోయి, పాత గోదాము ముందు ఒక మూతను చేతికర్రతో తట్టి నిలబడింది. చూస్తే ఎనభై ఏడేళ్ల నాటిది.

"మొత్తానికి ఈ ఊళ్లో నాకంటే ముసలిది ఒకటి దొరికిందమ్మాయ్!" అంది. గెలుపు ఆవిడదే.

ఆ తర్వాత రోజుకో చోటు. గడియారాలు బాగుచేసే కొట్టు మూసి ఉన్నా, అద్దంలోంచి ఇరవై మూడు గడియారాలు కనిపిస్తాయి. ఏ రెండూ ఒకే టైము చెప్పవు, ఏది నిజమో అని పందెం. గూడ్సు యార్డు మీది నడక వంతెన ఎక్కితే రైలింజన్లకు స్నానం చేయించడం చూడొచ్చు. నీళ్ల ట్యాంకు వెనక గోడ ముందు నిలబడి అరిస్తే మాట మూడుసార్లు తిరిగొస్తుంది.

"మీ పిల్లలింత కుదురుగా ఎలా ఉన్నారక్కా? మావాళ్లు కర్టెన్లు పట్టుకుని వేలాడుతున్నారు," అన్నాడు కింది ఇంటి టైలరు.

మీటరక్క ఏడు చోట్లకు దారులు రాసి, మెట్ల మలుపులో గోడకు అంటించింది. అక్కడే పప్పులో కాలేసింది. ఆదివారం సాయంత్రం ఆ భవనంలోని పద్నాలుగు ఇళ్లవాళ్లూ, జాబితాలో మొదట ఉందని, గడియారాల కొట్టు ముందే తేలారు. సందు కిక్కిరిసిపోయింది. కానిస్టేబులు పరుగున వచ్చాడు.

"ఇదేమన్నా పెళ్లి పందిరా? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

మీటరక్క ముందుకొచ్చింది. "నేనే సార్. చోటు చెప్పాను గానీ టైము చెప్పలేదు. తప్పు నాదే."

"అయితే మీరే పంపించండి."

ఆమె ఒక్కో కుటుంబాన్నీ పేరుపేరునా పిలిచి, ఎడం ఎడంగా నడిపించి, పది నిమిషాల్లో సందు ఖాళీ చేయించింది.

ఇంటికొచ్చాక భర్త, "మనకెందుకొచ్చిన గొడవ? ఆ కాగితం చింపెయ్," అన్నాడు.

"చింపేస్తా. చింపి ఇంకోటి రాస్తా. ఊరంతటికీ ఒకేసారి నీళ్లు వదిలితే ఏమవుతుంది?"

"ఎవరికీ అందవు."

"అందుకేగా వంతులు పెట్టేది. షికారూ అంతే."

పెద్దపిల్ల గళ్ల కాగితం మీద గీతలు కొట్టింది. చోటుకు రెండు ఇళ్లు. మొదటి గంట ఒకరిది, రెండో గంట ఇంకొకరిది. మర్నాటికి చోటు మారుతుంది. నడవలేనివాళ్లకు దగ్గరి చోటు, చంటిపిల్లలున్నవాళ్లకు మెట్లు లేని చోటు. చీటీలు తలుపుల కింద నుంచి తోశారు. పై అంతస్తు పెద్దాయన మాత్రం గుర్రుమన్నాడు.

"నా షికారుకి నీ పర్మిషనేంటమ్మా?"

"పర్మిషన్ కాదు బాబాయ్ గారూ, రిజర్వేషన్. ఆ గంటసేపు వంతెన మొత్తం మీదే."

ఆ మాట ఆయనకు నచ్చేసింది. మనవరాలిని వెంటబెట్టుకుని, ఠంచనుగా చెప్పిన గంటకే వంతెన ఎక్కాడు.

మూడు వారాలు గడిచినా ఎక్కడా రెండు కుటుంబాలు ఎదురుపడలేదు. నాలుగో వారం కానిస్టేబులు మెట్ల దగ్గరకొచ్చి, కాసేపు నసిగి, "మా ఇంట్లో కవలలున్నారండీ. ఇల్లు పీకి పందిరేస్తున్నారు. ఒక చీటీ రాసిస్తారా?" అన్నాడు.

మీటరక్క నవ్వలేదు. "ఎన్నేళ్లు? మెట్లెక్కగలరా?" అని అడిగింది. కొత్త ఇంటికి కొత్త చోటు కావాలి. ఆ సాయంత్రమే వెతికి, మూసేసిన స్కూలు వెనక గోడలో పిచ్చుక గూళ్ల వరస పట్టుకుంది.

మళ్లీ రీడింగులు మొదలయ్యేసరికి నాలుగు వీధుల్లో చీటీలు నడుస్తున్నాయి. ఒకప్పుడు ఆమె బెల్లు కొడితే, ఏ లీకు ఎత్తిచూపుతుందోనని మొహం ముడుచుకుని తలుపు తీసేవాళ్లు. ఇప్పుడు కుర్చీ వేసి, "అంకెలు తర్వాత రాసుకుందువుగాని, ఈ ఆదివారం ఎక్కడికో ముందు చెప్పక్కా," అంటున్నారు. రెట్టింపు టైము పడుతోందని సూపర్‌వైజరు సణుగుతుంటాడు. ఆమె సరేనండీ అంటుంది, మర్నాడు ఇంకో ఇంట్లో కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.