ఓట్లేసి దించేసిన కెప్టెన్

ఇంతమంది మనవలున్నారు, హోసియా సంగతేమిటని ఒక్కరైనా అడిగిన పాపాన పోయారా? మే నెలలో యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకునే రోజు వచ్చిందంటే కోర్టు ముందు రాతి బొమ్మకి దండలేసి, కెప్టెన్ లోరిన్ విగ్స్ అని చప్పట్లు కొడతారు. సిగ్గులేదర్రా మీకు? హోసియా నా పెద్ద తమ్ముడు, మీకు తాత. ఆ చిక్కుళ్ళు ఒలుస్తూ వినండి.

వాడు పీపాలు చేసేవాడు. ఉత్తరాదివాళ్ళతో యుద్ధం మొదలైన ఏడు, మా కరోలినా లోయ కుర్రాళ్ళంతా చర్చి ముందు చేతులెత్తి వాణ్ణి కెప్టెన్‌ని చేశారు. అప్పట్లో అంతే, అధికారిని సైనికులే ఎన్నుకునేవాళ్ళు. బయల్దేరేనాడు తల్లులంతా వాడి చుట్టూ మూగారు.

"నీ చేతుల్లో పెడుతున్నాం నాయనా."

"తీసుకొస్తానమ్మా" అన్నాడు పిచ్చివాడు. మా ఆఖరి తమ్ముడు జెస్సీ కూడా అందులోనే ఉన్నాడు.

ఆ మాట కోసం కుర్రాళ్ళ ప్రాణాలు తోడేశాడట. ఎక్కడ ఆగినా కందకం తవ్వించేవాడు. దొడ్డికెళ్ళే గుంటలు గుడారాలకి దూరంగా తవ్వమనేవాడు. వాళ్ళు వాడికి 'బొరియల కెప్టెన్' అని పేరుపెట్టారు.

మరుసటి వసంతంలో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. విగ్స్ దొర కొడుకు లోరిన్ ఆపిల్ సారా పీపా దింపాడు.

"నాకు ఓటేయండి, మొక్కజొన్న నాటేవేళకి ఇళ్ళకి పంపుతా. పార పట్టడం బానిసల పని, మీరు మగాళ్ళు!"

వాళ్ళింట్లో పార పట్టేది బానిసలే మరి. ఆ బానిసలు విగ్స్ లాంటి దొరల చేజారకుండా చూడ్డానికే మనం చావబోతున్నామని మావాళ్ళలో ఒక్కడికీ తట్టలేదు. హోసియాకీ తట్టలేదు, ఉన్నమాట చెప్పాలిగా.

జెస్సీ కూడా లోరిన్‌కే చెయ్యెత్తాడు.

"ఏరా, నువ్వూనా?"

"చేతులు బొబ్బలెక్కాయి అన్నయ్యా. నువ్వు కెప్టెన్‌వా, అమ్మవా?"

ఓడిన అధికారి ఇంటికి పోవచ్చు. వీడు పోలేదు. మెడ పట్టీ మీది కెప్టెన్ గుర్తులు పీకేసి, తుపాకీ పట్టుకుని మామూలు సైనికుడిలా వరసలో నిలబడ్డాడు. తల్లులకి మాటిచ్చాడుగా!

మొక్కజొన్నకి ఎవర్నీ పంపలేదు. వేసవిలో ఓ గుట్ట మీద విడిది చేశారు.

"తవ్వుదాం కెప్టెన్ గారూ" అన్నాడు హోసియా.

"ఇంకా దిగలేదా నీ కెప్టెన్‌గిరీ?" అని లోరిన్ నవ్వాడు. కుర్రాళ్ళూ నవ్వారు.

హోసియా ఒక్కడే ఇద్దరు పట్టే గుంట తవ్వి జెస్సీని రమ్మన్నాడు. అందరూ నవ్వుతుంటే సిగ్గేసి జెస్సీ వెళ్ళలేదు. తెల్లారగానే ఫిరంగులు మొదలయ్యాయి. ఆ ఒక్క పూటలో మా లోయలో సగం ఇళ్ళకి మగదిక్కు పోయింది. జెస్సీ పోయాడు. లోరిన్ కూడా పోయాడు, అందుకే కోర్టు ముందు రాతి బొమ్మయ్యాడు. గుంటలో ఉన్నవాడు బతికాడు.

యుద్ధం అయ్యాక ఇంటికొస్తే ఆ తల్లులు గుమ్మంలోనే అడిగారు: "మా పిల్లలేరి? నువ్వెలా వచ్చావు?"

మీ పిల్లలే నన్ను దించేశారని ఒక్క మాట అనొచ్చుగా! అనలేదు.

"చెప్పి చావరా!" అని నేను తిట్టాను.

"పోయినవాళ్ళ మీద వాళ్ళ తల్లులకి చాడీలు చెప్పమంటావా అక్కా?"

మా అమ్మ వాడి చేతి నీళ్ళు కూడా ముట్టలేదు. లోయలో వాడు చేసిన పీపా ఒక్కరూ కొనలేదు. పొరుగు కౌంటీకి పోయి, పంది మాంసం ఉప్పేసేవాళ్ళ కొట్టంలో కూలికి చేరాడు. అక్కడే దగ్గుతో పోయాడు. పోయేనాటికి వాడికి నలభై ఒకటి.