బాలమ్మ ఫోటో కింది మాట

మా శంషాబాద్ ఇంటి మీదుగా విమానం దిగితే కిటికీ అద్దాలు, దేవుడి పటాలు, నా కట్టుడుపన్ను, పక్కింటివాళ్ల కాపురం అన్నీ ఒక్కసారే కదులుతాయి. ఈ ఉదయం అలా కదిలినప్పుడు బీరువా మీది నుంచి ఒక ఫోటో జారి నా ఒళ్లో పడింది. అందులో టీ కోసం చెయ్యి చాచిన మనిషి ఫోటోగ్రాఫర్ నర్సింహ. నాకు రాయడం నేర్పింది ఆయనే. ఆయన చదివింది మాత్రం నాలుగో తరగతి.

విమానాశ్రయం తెరిచిన కొత్తలో, అక్కడి సరుకుల ఆఫీసులో ఉద్యోగానికి గోదావరి వైపు నుంచి వచ్చి, గేటు పాస్‌కు కావలసిన ఫోటో కోసం ఆయన స్టూడియోకు వెళ్లాను. ఆ గది ఎంత ఇరుకంటే, ఒకరు నవ్వాలంటే ఇంకొకరు బయటికి పోవాలి. ఫోటో తీసి, కెమెరా తెరను నా వైపు తిప్పాడు. “సూడు సారూ, ఇది నువ్వేనా?”

“నేనేనండీ. కాకపోతే కాస్త అందం తగ్గింది.”

“తగ్గలే. ఉన్నకాడికి వచ్చింది.”

ఎవరిని తీసినా అదే ప్రశ్న. కాదంటే, పెళ్లికూతురైనా సర్పంచయినా, అక్కడికక్కడే చెరిపేసి మళ్లీ తీసేవాడు.

అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చాక ఆయన మెట్లెక్కేవాళ్లు కరువయ్యారు. షట్టర్ దించేస్తానన్నాడు. నేను ఊరుకుంటానా? ఫోటోగ్రాఫర్లు తమ పనిని లోకానికి చూపించుకునే ఇంటర్నెట్ గ్యాలరీ ఒకటి వెతికి, ఆయన పేర ఖాతా తెరిచాను. ఫోటోలు ఆయనవి, కింద రాతలు నావి. పక్కనున్న పాల్మాకుల ఊళ్లో పెళ్లిలో తీసిన బాలమ్మ అనే ముసలమ్మ ఫోటో ఒకటుంది. గోడకు ఆనుకుని ఎటో చూస్తోంది. ఆ ముడతల్లో చెరువులూ కాలువలూ సహా రంగారెడ్డి జిల్లా పటమంతా కనబడుతుంది. దాని కింద “విమానాల నీడలో, నా అన్నవాళ్లు లేని అనాథ అవ్వ” అని రాశాను. లోకం ఏడ్చింది. ఎవరెవరో కన్నీళ్లతో వ్యాఖ్యలు రాశారు. నగరం నుంచి రెండు పెళ్లిళ్లకు నర్సింహకు పిలుపు కూడా వచ్చింది. నేను కాలరెగరేశాను.

వారం తిరక్కుండా బాలమ్మ పెద్దకొడుకు సత్తయ్య, ఫోన్‌లో ఆ ఫోటోతో, తల్లిని వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చాడు. “ఏందన్నా ఇది? ముగ్గురు కొడుకులం సచ్చినమా? తల్లికి బువ్వ పెడ్తలేరని ఊరంతా నవ్వుతున్నరు.”

అక్కడే ఉన్న నేను నర్సింహ వెనక్కి జరిగాను. నర్సింహ నా వైపు చూడనైనా లేదు. “పేరు నాది సత్తయ్యా. తప్పు గూడ నాదే,” అని, బాలమ్మ ముందు నేల మీద కూర్చుని, సత్తయ్య ఫోన్ తెర ఆమె వైపు తిప్పాడు. “అవ్వా, ఇది నువ్వేనా?”

ఆమె కళ్లు చికిలించి చూసింది; కింది రాతను కొడుకు చదివి వినిపించాడు. “బొమ్మ నేనే బిడ్డా. కింద రాసిందే నేను గాదు.”

“మరేం రాయాలె?”

“ఏముంటది? మనుమరాలి పెండ్లి. మోకాలు నొస్తే కూసున్న. అన్నం తిన్న.”

వాళ్లు వెళ్లాక అదే రాయమన్నాడు. “ఇలా రాస్తే ఎవరూ చూడరు నర్సింహగారూ. వచ్చిన పిలుపులూ పోతాయి,” అన్నాను.

“పోతే పోనీ సారూ. ఆమెను అనాథను జేసి నేను బతకాల్నా?”

రాశాను. అసలు కథ తెలిసి ఒక పెళ్లివారు నిజంగానే వద్దన్నారు. మరుసటేడు షట్టర్ దిగింది. ఆయన కెమెరా సంచీ భుజాన వేసుకుని ఊళ్లు తిరిగాడు. పాల్మాకులలో మాత్రం ఏ పెళ్లయినా ఆయన్నే పిలిచారు. ఆ రాత నాదని ఆయన చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నేనే చెబుతున్నాను.

తెలంగాణ వచ్చిన ఏడాది ఆయన పోయాడు. గ్యాలరీలో ఆయన ఫోటో పెట్టి, కింద రాయడానికి కూర్చున్నాను. మహానుభావుడు, ఛాయాచిత్ర చక్రవర్తి అంటూ వేళ్లు పరిగెత్తాయి. అన్నీ చెరిపేశాను. “నర్సింహ, శంషాబాద్. టీ కోసం చెయ్యి చాచాడు” అని రాసి, తెరను ఆయన భార్య లక్ష్మక్క వైపు తిప్పాను. “ఇది ఆయనేనా అక్కా?”

కొంగుతో తెర తుడిచి చూసింది. “ఆయననే. చక్కెర జర ఎక్కువెయ్యమంటున్నడు.”

ఆ మాటా కింద చేర్చాను.

నా గురించి ఎంతైనా పెంచి రాసుకుంటాను. ఇంకొకరి గురించి రాసింది మాత్రం వాళ్లవాళ్లకు చూపించకుండా నా చెయ్యి దాటదు. ఇది కూడా లక్ష్మక్కకు చదివి వినిపించాను. ఆయన చదువు ఐదో తరగతి అని రాశాను మొదట. “నాలుగే,” అంది. దిద్దాను.