పోశం పెట్టుకున్న తాళం

డబ్బా నిండుగా ఇంటికి తిరిగొచ్చిన రోజు, కూరలో ఉప్పెక్కువైందేమోనని పోశం భార్య సారక్క వేలు ముంచి నాకి చూసింది. ఉప్పు సరిగానే ఉంది.

"ఏమాయె, తినలేదా?"

"నేను తిన్న. వాళ్ళే తినలే," అన్నాడు పోశం, బూట్లు విప్పుతూ.

పోశం గ్యాంగులో ఆరుగురు. గని లోపల తిండి వేళకు బొగ్గు మోసే పాత బెల్టు ముక్క ఒకటి పరిచి ఆరు డబ్బాలూ దాని మీద తెరుస్తారు. ఎవరి చెయ్యి ఎవరి డబ్బాలోకైనా పోతుంది. ఆ సంగతి తెలిసే సారక్క ఇన్నేళ్ళుగా ముగ్గురికి సరిపడా కూర కడుతోంది. పుంటికూర పప్పు పెట్టిన రోజైతే పోశంకు మిగిలేది మూతకు అంటిందే.

ఆ రోజు కూడా పుంటికూర పప్పే. గ్యాంగులో చిన్నవాడు సంపత్ "కడుపు మంచిగ లేదే కాకా" అన్నాడు. ఇంకొకడు ఒక్కపొద్దన్నాడు. ఒక్కపొద్దున్నవాడు తన డబ్బా తెరిచి, కాస్త ఎడంగా జరిగి తిన్నాడు. పోశం తాగి కింద పెట్టిన నీళ్ళ క్యాను షిఫ్టు ముగిసేదాకా పెట్టినచోటే ఉంది.

వాళ్ళకు తెలిసిపోయిందని పోశంకు అప్పుడే అర్థమైంది. ఎలా తెలిసిందన్నదే అర్థం కాలేదు.

ఏడాది కిందట, 2011లో, యూనియన్ రక్తదాన శిబిరంలో అతనూ రక్తం ఇచ్చాడు. పది రోజులకు ఫోనొచ్చింది. ఒక్కణ్ణే రమ్మన్నారు. కాలేయాన్ని పట్టే హెపటైటిస్ బి అని చెప్పి పెద్ద డాక్టరుకు చూపించుకోమన్నారు. పోశం కరీంనగర్ వెళ్ళాడు. గోదావరిఖనిలో ఏ దవాఖానకు వెళ్ళినా వరుసలో నిలబడ్డవాళ్ళంతా తెలిసినవాళ్ళే, ముందు వాళ్ళకు జవాబు చెప్పుకోవాలి. కరీంనగర్ డాక్టరు మందులు రాశాడు. భార్యకూ పిల్లకూ పరీక్ష చేయించి టీకాలు వేయించాడు. మూడు నెలలకోసారి రమ్మన్నాడు. "కలిసి తింటే అంటుకోదు. ఫికర్ చెయ్యకు, డ్యూటీ చేసుకో," అన్నాడు. పోశం నమ్మాడు. గ్యాంగు నమ్ముతుందన్న ధైర్యం మాత్రం లేకపోయింది. నేల కింద ఆ అయిదుగురే అతనికి లోకం. బెల్టు ముక్క మీద తన చోటు పోకూడదు. అతను కోరుకున్నది అదొక్కటే.

కాగితాలు దాచడం పెద్ద తంటా అయింది. క్వార్టర్లో ఉన్నవి రెండు గదులు. వచ్చినవాళ్ళు మంచం మీద కూర్చుని దిండు కింద ఏముందో కూడా చూస్తారు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదువుతున్న కూతురు సంధ్యారాణి ఒక దారి చెప్పింది. రిపోర్టులన్నీ స్కాన్ చేసి, ఒకే ఫైలుగా కట్టి, పెన్‌డ్రైవులో వేసింది. కాగితాలు చింపి పొయ్యిలో పెట్టింది.

"బాపూ, దీనికి తాళమేస్తున్న. పాస్‌వర్డ్ కొట్టకపోతే ఎవ్వలకూ తెరుచుకోదు. ఎవ్వలకూ తెల్వనిది, నువ్వు మర్చిపోనిది పెట్టు," అని ముఖం పక్కకు తిప్పుకుంది.

పోశం ఒక్క వేలితో నాలుగంకెలు కొట్టాడు. 2118. అది గనిలో అతని ల్యాంపు నంబరు. ఇరవై నాలుగేళ్ళుగా రోజూ వింటున్న నంబరు. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

పెన్‌డ్రైవు ఇంట్లో ఉంచలేదు. చెల్లెలి పిల్లలొస్తే కనబడిన పెన్‌డ్రైవునల్లా పాటల కోసం డీవీడీ ప్లేయర్‌కు గుచ్చుతారు. అందుకని సెల్‌ఫోనుతో పాటు చేసంచిలో వేసుకుని డ్యూటీకి పోయేవాడు. ఫోన్లు గని లోపలికి తీసుకుపోనివ్వరు. దిగేముందు సంచిని ల్యాంపు గదిలో బుచ్చన్నకు ఇచ్చేవాడు.

బుచ్చన్న, పోశం ఒకే రోజు కొలువులో చేరారు. పన్నెండేళ్ళు జోడీగా గని కప్పు కూలకుండా దిమ్మెలు పెట్టారు. బొగ్గు టబ్బు తగిలి బుచ్చన్న కాలు విరిగిన రోజు స్ట్రెచర్ ముందుకొన పట్టింది పోశమే. ఆ తర్వాత బుచ్చన్నను పైన ల్యాంపు గదిలో వేశారు. ప్రతి షిఫ్టుకూ ఒక్కొక్కరి నంబరూ గట్టిగా పిలిచి దీపం అందించడం అతని పని.

రెండో రోజూ డబ్బా నిండుగానే వచ్చింది. మూడో రోజు సారక్క ఏమీ అడగకుండా కూరను గిన్నెలోకి ఒంపింది. నాలుగో రోజు పైకెక్కే దారిలో పోశం సంపత్‌ను ఆపాడు.

"నీకెవడు చెప్పిండ్రా?"

సంపత్ నేల చూశాడు. "నన్నెందుకే అడుగుతవ్ కాకా? నీ సంచి ఎవరి దగ్గరుంటదో ఆయన్నే అడుగు."

పోశం ల్యాంపు గదికి వెళ్ళేసరికి బుచ్చన్న దీపాలను ఛార్జింగుకు తగిలిస్తున్నాడు. వెనక్కి తిరగలేదు.

"అన్నా, నా పెన్‌డ్రైవు తెరిచినవా?"

"తెరిచిన."

అబద్ధమాడతాడనుకున్నాడు పోశం. ఆడి ఉంటే కాసేపైనా నమ్మాలనే చూసేవాడు.

"ఎక్కడ?"

"గేటు ముంగటి జిరాక్స్ షాపుల. కంప్యూటరు ఏందో నంబరు అడిగింది. పన్నెండేండ్ల సంది రోజు పిలుస్తున్న, నీ నంబరు నాకెర్క లేదా? కొట్టిన. తెరుచుకున్నది."

"ఎందుకు?"

బుచ్చన్న అప్పుడు తిరిగాడు. "మూడు నెలలకోపారి లీవు పెట్టి కరీంనగర్ పోతవ్. ఎందుకని అడిగితె నవ్వుతవ్. అన్‌ఫిట్ రాస్తె పిలగానికి కొలువొస్తదని నేను ఈ కాలుతోని మెడికల్ అన్‌ఫిట్‌కు రెండుసార్లు పోతె రెండుసార్లు వాపస్ పంపిన్రు. పోశంకు ఏదో తొవ్వ దొరికింది, నాతోని చెప్తలేడనుకున్న. ఆ తొవ్వ చూద్దామనే తెరిచిన."

"చూసినవ్ గద. అది అన్‌ఫిట్ కాయితం కాదని తెలిసింది గద. మళ్ళ వాళ్ళకెందుకు చెప్పినవ్?"

"ఒక్క డబ్బాల తింటున్నరు. పిల్లలు గలోళ్ళు. తెలిసీ చెప్పకపోతె నాకు పాపం కాదా? నువ్వు చెప్తవేమోనని వారం చూసిన."

ఆ వారం రోజులూ ఇదే కిటికీ దగ్గర "ఇరవై ఒకటి పద్దెనిమిది" అని పిలిచి, దీపం చేతికిచ్చి, "పైలం తమ్మీ" అన్న మనిషి ఇతనే. పోశంకు అది గుర్తొచ్చింది.

"రెండో పేజీ సదివినవా?"

"ఏ రెండో పేజీ?"

"డాక్టరు తెలుగుల రాసిచ్చిండు. కలిసి తింటె అంటదు, ఒక్క గిలాసల తాగితె అంటదు అని. సంతకం చేసి మరీ ఇచ్చిండు."

బుచ్చన్న చేతిలోని వైరు చూసుకున్నాడు. "నేను మొదటిదే చూసిన."

"మరి రేపు వాళ్ళకు రెండోది గూడ చెప్తవా?"

బుచ్చన్న దీపాన్ని తగిలించాడు, తీశాడు, మళ్ళీ తగిలించాడు. "చెప్పినా ఇప్పుడెవడు నమ్ముతడు పోశం?"

ఇంట్లో సంధ్యారాణి సంగతంతా విని, "ల్యాంపు నంబరా బాపూ? షిఫ్టుకు మూడొందల మంది ముంగట మైకు లేకుండ ఒర్రే నంబరది!" అంది. నవ్వో కోపమో ఆమెకే తేలలేదు. కొత్త పాస్‌వర్డ్ పెట్టమని ముఖం తిప్పుకుంది.

పోశం వేలు మీటల మీద ఆగిపోయింది. పెళ్ళి తేదీ, పాత బండి నంబరు, కూతురు పుట్టిన ఏడు. గుర్తొచ్చిన ప్రతిదీ బుచ్చన్నకు తెలుసు. పెళ్ళిలో బాసింగం సరిచేసింది అతనే. బండి కొన్నప్పుడు వెనక కూర్చుని వచ్చింది అతనే.

"నువ్వే పెట్టు బిడ్డా," అన్నాడు చివరికి. "నాకు చెప్పకు. కరీంనగర్ నువ్వే వెంట రా."

తెల్లారి సారక్క వంటింట్లోంచి అడిగింది. "ఏ డబ్బా కట్టాలె?"

పోశం బూట్లు తొడుక్కుంటూ, "చిన్నది," అన్నాడు.

ల్యాంపు గది దగ్గర వరుస కదులుతోంది. బుచ్చన్న ఎప్పట్లాగే గొంతెత్తాడు. "ఇరవై ఒకటి పద్దెనిమిది!"

పోశం పలకలేదు. వెనకున్నవాడు భుజం తట్టాక ముందుకెళ్ళి దీపం అందుకున్నాడు.

బుచ్చన్న చెయ్యి ఇంకా కిటికీలోంచి చాచే ఉంది. "సంచి?"

"ఇంటికాడ పెట్టొచ్చిన," అని పోశం టోపీకి దీపం తగిలించుకుని గనిలోకి దిగే మోకం వైపు నడిచాడు.