రెండు రూపాయల వడ్డీ

ఈ సంగతి ఇన్నేళ్ళూ నా కడుపులోనే ఉండిపోయింది. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. చిత్తూరు నుంచి కాణిపాకం ఎంత దూరమని? తప్పు చేసినవాడు ఆ వినాయకుడి ముందు ప్రమాణం చేయడానికి జంకుతాడంటారు. నేనైతే అటు పోవడమే మానుకున్నాను. మీకు చెబుతున్నానంటే, మీరు నా ముఖం ఎరగరు కాబట్టే.

తొంభైల చివర్లో చిత్తూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. కాపురం పలమనేరులో. బెంగళూరు వెళ్ళి ఫైనాన్షియల్ కాలిక్యులేటర్ ఒకటి కొనుక్కొచ్చాను. ఎన్ని నెలలు, వడ్డీ ఎంత, నెలకు ఎంత వస్తుంది, ఈ మూడూ కొడితే ఎప్పటికో రాబోయే డబ్బు ఈరోజుకు ఎంత విలువ చేస్తుందో అది చెప్పేస్తుంది. అడగనివాళ్ళకు కూడా జేబులోంచి తీసి చూపించేవాణ్ణి. అంత మిడిసిపాటు ఎందుకో నాకు?

మా పక్కింటి రాజమ్మక్క భర్త జబ్బు చేసి పోయాడు. ఆయనకు ఒక పాల వ్యానులో సగం వాటా ఉండేది. ఆ వాటా తాను తీసుకుంటానని భాగస్వామి వచ్చాడు. ఒకేసారి లక్ష ఇస్తానన్నాడు, లేదంటే నెలకు రెండున్నర వేల చొప్పున ఐదేళ్ళు. ఆమె నెత్తిన వైద్యానికి చేసిన ఎనభై వేల అప్పు ఉంది, రెండు రూపాయల వడ్డీకి. ఏది మేలో చెప్పమని నా దగ్గరికి వచ్చింది.

ఆమె ముందే కొట్టాను. అరవై నెలలు. రెండున్నర వేలు. వడ్డీ రెండు. లక్షా నలభై రెండు వేల పైచిలుకు వచ్చింది. నెలనెలా తీసుకోమన్నాను.

వారం తర్వాత క్లాసులో అలాంటి లెక్కే చెబుతుంటే నా తప్పు తట్టింది. మా వైపు రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు. ఏడాదికి ఇరవై నాలుగు. కాలిక్యులేటర్ అడిగేది ఏడాది వడ్డీని. పుట్టినప్పటి నుంచి వింటున్న మాట కదా, చేయి ఆలోచించకుండా రెండు కొట్టేసింది. ఇరవై నాలుగు పెట్టి మళ్ళీ చూశాను. ఎనభై ఏడు వేలు కూడా రాలేదు. లక్ష తీసుకుని అప్పు తీర్చేసి ఉంటే ఆమెకు ఇరవై వేలు మిగిలేవి.

అప్పటికి ఆమె, భాగస్వామి ఇంకా కాగితం రాసుకోలేదు. ఆ సాయంత్రం నేరుగా ఆమె ఇంటికే వెళ్ళాను. భాగస్వామి కూడా అక్కడే ఉన్నాడు. "ఈయప్పే మిషన్లో సూసి సెప్పింది, తప్పు పోదు," అని అతనితో అంటోంది. నాకు కాఫీ ఇచ్చింది. తాగాను. లేచి వచ్చేశాను. ఒక్క మాట చాలదా? మిషన్ మీద నెపం పెట్టినా సరిపోయేదే. లెక్క తప్పిన కామర్స్ మాస్టారని నలుగురూ నవ్వుతారని, కేవలం అందుకని, నోరు మూసుకున్నాను.

నెలనెలా వచ్చిన దాంట్లో పదహారు వందలు వడ్డీకే పోయేవి. మిగతా తొమ్మిది వందలు ఆమెకూ కూతురికీ తిండికి. ఐదేళ్ళూ అయిపోయాయి, అసలు ఎనభై వేలూ అలాగే ఉన్నాయి. అప్పు కింద ఆమెకున్న ఆవులు పోయాయి, తర్వాత ఇల్లు పోయింది. ఇల్లు ఖాళీ చేసే రోజు మా గడప దగ్గరికి వచ్చింది.

"నువ్వు సెప్పిన లెక్క సరిగానే ఉండాది గదప్పా. నా సేతిలోనే నిల్వలేదు. పిల్లకు గుడ్డలు తీసినాను, ఒకపారి తిరప్తికి పోయినాను. ఒళ్ళు దగ్గిర పెట్టుకోలేదు నేను."

"కాలం బాగాలేదులే అక్కా," అన్నాను.

అప్పు కంటే, ఇల్లు కంటే నన్ను తినేసేది ఆ మాటే. పిల్లకు గుడ్డలు కొన్నందుకు ఆమె తనను తాను తిట్టుకుంటుంటే నేను విన్నాను. కాదని అనలేదు. ఇప్పుడామె ఎవరి డెయిరీలోనో పాలు పితుకుతోంది. దారిలో కనబడితే ఇప్పటికీ తనే ముందు పలకరిస్తుంది. నేను ఏం చేయగలను? ఇల్లు కొనివ్వలేను. ఎదురుగా నిలబడి చెప్పనూలేను, ఎన్నోసార్లు చెప్పబోయి, బాగోగులు అడిగి వచ్చేశాను.

తప్పు ఆమె చేతిది కాదు, నాది. ఈ ఒక్క మాట రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. కానీ రాజమ్మక్కకు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే రాయగలిగానేమో.