వంక వైపు తిరిగిన టెలిస్కోపు

దయ్యం కథ ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే అడ్డం పడే రకం నేను. మాది వేంపల్లెలో బట్టల అంగడి. చీరలు కొనడానికి వచ్చేవాళ్ళలో ఎవరో ఒకరు ఏదో ఒక దారిలో కనబడిన తెల్లచీర మనిషి గురించి చెబుతూనే ఉంటారు. నేను పరిచిన చీర మడతపెడుతూ, "ఆ తెల్లచీర ఏ అంగట్లో కొనిందో కనుక్కోలేదా అమ్మా?" అని అడిగేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు. కొందరు కోపగించుకుని బేరం వదిలేసి వెళ్ళిన రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు నేను చెప్పేది దయ్యం కథ కాదు. జరిగింది చెబుతాను. దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు.

నాకు చిన్నప్పటి నుంచీ చుక్కల పిచ్చి. అంగడి నా చేతికి వచ్చాక బెంగుళూరులో ఒకాయన దగ్గర పాత టెలిస్కోపు, దాన్ని నిలబెట్టే మౌంటు కొన్నాను. నా స్నేహితుడు మస్తాన్‌కు మా వీధి చివర ఫోటో స్టూడియో ఉంది. డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే మా వైపు పెళ్ళిళ్ళలోకి వస్తున్న రోజులు. మస్తాన్ కూడా ఒకటి తెచ్చుకున్నాడు. దాన్ని టెలిస్కోపుకు తగిలిస్తే చుక్కల ఫోటోలు తీయొచ్చని నేను చెప్పగానే, "రీలు ఖర్చు లేదు గదప్పా, ఎన్ని చెడిపోతే మనకేం? పా పోదాం" అన్నాడు.

అయితే చుక్కల ఫోటో అంటే బటన్ నొక్కితే వచ్చేది కాదు. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి, కెమెరా కన్ను కాసేపు తెరిచి పెడితే ప్రతి చుక్కా గీతలా సాగిపోతుంది. అలా సాగకుండా మౌంటు కూడా భూమికి ఎదురుగా, అదే వేగంతో తిరగాలి. దానికో ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసును సరిగ్గా ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టి మరలు బిగించాలి. ఇరుసు లోపలే వేలెడంత దుర్బిణి ఉంటుంది. అందులో చూస్తూ ధ్రువ నక్షత్రాన్ని గీసిన గుర్తు మీదికి తేవాలి. మా వైపు ఆ చుక్క చాలా కిందుగా ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి పెడితే, దానికి ఒకటిన్నర ఎత్తు అంతే. ఉత్తరాన చెట్టో మిద్దో అడ్డం ఉంటే ఇక పని జరగదు.

అందుకే మా బావ చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, వెళ్ళేవాళ్ళం. మా అక్క భర్త నాగరాజు బావకు ఊరి బయట తోట ఉంది. అందులో మోటారు షెడ్డు మీద చదునైన మిద్దె. అక్కడి నుంచి ఉత్తరం వైపు నేల కాస్త వాలుగా దిగి, కంపచెట్లతో నిండిన ఎండు వాగు దాకా పోతుంది; దాన్ని మేము వంక అంటాం. ఆ పైన అంతా ఆకాశమే. సెల్‌ఫోను సిగ్నల్ మాత్రం అక్కడ ఉండేది కాదు.

ఇది జరిగిన రోజు చలికాలం, అమావాస్య దగ్గర. పొద్దున అంగడికి వచ్చి బావ చెప్పాడు: "తోటకు కరెంటు ఈ వారం రాత్రి పూట ఇస్తాండారు. మోటారు ఎయ్యనీకి నేనూ వస్తా. మీ అక్క ఓళిగలు చేస్తాండాది, క్యారియర్లో తెస్తా, మీరేం తినకుండా రాండి."

మేము ఎండ ఉండగానే మస్తాన్ వ్యాన్‌లో సామాను తెచ్చి, షెడ్డు మీద ట్రైపాడ్ నిలబెట్టాం. చీకటి పడగానే ధ్రువ నక్షత్రాన్ని గుర్తు మీదికి తెచ్చి మరలన్నీ బిగించాను. పక్కకు తిరగకుండా ఆపే మరలు రెండు, పైకీ కిందికీ కదలకుండా ఆపే బోల్టులు రెండు. తూర్పున గొల్లకావడి లేచింది. ఆ మూడు చుక్కల కింద పొగలాంటి మెరుపు ఉంటుంది, దాన్ని ఫోటో తీయాలని మా కోరిక.

మొదటి ఫోటో కెమెరా తెర మీద చూసి మస్తాన్ నవ్వాడు. "ఏమప్పా, చుక్కలన్నీ వానచినుకుల మాదిరి వచ్చినాయి."

ఇరుసు దుర్బిణిలో చూశాను. ధ్రువ నక్షత్రం లేదు. మౌంటు ఎడమకు తిరిగి, ముందుకు వంగిపోయి, నేల వైపు చూస్తోంది. మరలు సరిగా బిగించలేదనుకుని మొదటి నుంచీ మొదలుపెట్టాను. ఈసారి వేళ్ళు నొప్పి పుట్టేదాకా బిగించాను. ఫోటో తీశాం. మళ్ళీ గీతలే. మళ్ళీ మౌంటు ఎడమకు తిరిగి వంగిపోయింది.

"నీ మోకాలు తగిలింటుంది" అన్నాను.

"అల్లా తోడు, నేను దాన్ని ముట్టనే లేదు" అన్నాడు మస్తాన్. వాడికి కోపం వచ్చింది. మళ్ళీ ఆ మాట అనిపించుకోకూడదని వెళ్ళి మిద్దె చివర చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నాకు బావ మీద కూడా విసుగ్గా ఉంది. ఆకలవుతోంది, ఆయన రాలేదు. కరెంటు వేళ మారిందేమో, ఇంట్లోనే ఉండిపోయాడేమో అనుకున్నాం. అంతకు మించి మాకు ఏ అనుమానమూ రాలేదు.

ఇంకోసారి సరిచేశాను. ఈసారి ట్రైపాడ్ కాలు మీద చెయ్యి వేసి అక్కడే నిలబడ్డాను. గాలి లేదు. నా చేతికి చిన్న కదలిక కూడా తెలియలేదు. మస్తాన్ దూరం నుంచే కెమెరాకు తగిలించిన తీగ చివరి బటన్ నొక్కాడు. ఫోటో అయ్యాక వంగి చూస్తే ధ్రువ నక్షత్రం లేదు. మళ్ళీ అదే నేల, అదే చీకటి. ఆ చీకట్లో ఒక చిన్న వెలుగు.

ఆ వెలుగును అంతకుముందు కూడా దుర్బిణిలో చూశాను. గొర్రెలవాళ్ళు మంట వేసుకున్నారేమో అని పట్టించుకోలేదు. కానీ మంట అయితే ఆడుతుంది. ఇది ఆడలేదు. ఎవరో దీపం పట్టుకుని కదలకుండా నిలబడినట్టు ఉంది. తల ఎత్తి మామూలు కంటితో చూస్తే అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. దుర్బిణిలో మాత్రం ఉంది.

అప్పుడు నాకు భయం వేసింది. ఒప్పుకుంటాను.

మస్తాన్ కూడా వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. కోపం పోయింది. "మర లూజుగా ఉంటే ఒకోసారి ఒకో తావుకు పోవాల. ఇది ఒకే తావుకు పోతాండాది. ఆడేముండాదో ఫోటో తీసి జూద్దాం."

టెలిస్కోపును ఇరుసుకు వరసగా తిప్పి, ఆ వైపే గురి ఉంచి, దగ్గరి వస్తువులకు ఫోకస్ మార్చి, కెమెరా కన్ను కాసేపు తెరిచి పెట్టాం. తెర మీద బొమ్మ వచ్చింది. టెలిస్కోపులో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. పైన ఇసుక, కింద కంపచెట్ల కొమ్మలు, నడుమ గుండ్రంగా ఏదో. నాకు అర్థం కాలేదు. మస్తాన్ రోజూ ఫోటోలు చూసే మనిషి. కెమెరా కిందికి తల వంచి, మెడ తిప్పి చూశాడు.

"ఇది చక్రమప్పా" అన్నాడు. "బండి చక్రం. వంకలో బండి పడిండాది."

బావ ఇంకా రాలేదన్న సంగతి మా ఇద్దరికీ ఒకేసారి తోచింది. నిచ్చెన ఎలా దిగానో గుర్తు లేదు.

తోటకు వచ్చే బండిదారి ఆ వంకను ఒక చిన్న కల్వర్టు మీదుగా దాటుతుంది. మేము పగలు అదే దారిన వచ్చాం. వ్యాన్ కల్వర్టు ముందు ఆపి దిగితే అక్కడ ఏ వెలుగూ లేదు. ఫోటోలో అంత స్పష్టంగా ఉన్న చోట అంతా నల్లటి చీకటి. ఒక్క క్షణం, మేమేదో భ్రమపడ్డామేమో అనిపించింది. నా టార్చికి కళ్ళు చెదరకుండా ఎర్ర కాగితం చుట్టి ఉంటే, దాన్ని చింపేసి కిందికి కొట్టాను.

మొదట కనిపించింది క్యారియర్. మూత ఊడి, ఓళిగలు ఇసుకలో పడి ఉన్నాయి. తర్వాత బావ మోపెడ్. దాని కింద బావ.

"బావా!" అని అరిచాను.

కాసేపటికి కంపల్లోంచి సన్నగా గొంతు వచ్చింది. "ఎవరప్పా?"

"నేను, రమణను."

"నీళ్ళుండాయా?"

ముళ్ళు గీరుకుంటున్నా లెక్క చేయకుండా దిగాం. బండి లేపాం. కాలు విరిగింది. తొడ దగ్గర పెద్ద గాయం, కింద ఇసుకంతా తడిసి ఉంది. టెలిస్కోపు మీద వెలుతురు పడకుండా కప్పే నల్లగుడ్డ మస్తాన్ భుజం మీదే ఉండిపోయింది. దాన్ని మెలిపెట్టి గట్టిగా కట్టాడు. బావను ఎత్తి వ్యాన్‌లో పడుకోబెట్టాం. నేను ఆయన తల ఒళ్ళో పెట్టుకుని దారంతా మాట్లాడిస్తూనే ఉన్నాను. నిద్రపోకు బావా, నిద్రపోకు అంటుంటే, "గుంతలు జూసి తోలమను వాన్ని" అన్నాడు. ఆ మాటకు మస్తాన్ ఏడ్చేశాడు.

వేంపల్లెలో రక్తం ఆపి కడపకు పంపారు. అక్క అక్కడికి వచ్చింది. ఆయన మా దగ్గర ఉన్నాడని ఆమె అనుకుంది. ఇంట్లో ఉన్నాడని మేము అనుకున్నాం. "మీకాడ కూచోని కబుర్లు చెప్తాండాడని నేను తలుపేసుకోని పడుకున్యా గదరా" అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. తెల్లవారే వరకు ఎవరూ వెతికేవాళ్ళు కాదు. అంతవరకు ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. ఇక ప్రమాదం లేదు, కాలు కూడా అతుక్కుంటుంది అన్నాక, నేను ఆసుపత్రి వరండాలో నేల మీదే కూర్చుండిపోయాను. అంత హాయి నా జీవితంలో మళ్ళీ ఎరగను. ఎవరో టీ తెచ్చిచ్చారు. అందులో చక్కెర లేదని నాకు సగం తాగాక తెలిసింది.

మర్నాడు సామాను కోసం తోటకు వెళ్ళాం. మౌంటు మేము వదిలినట్టే, వంక వైపు వంగి ఉంది. ముందు మరలు పట్టుకుని చూశాను. ఒక్కటీ లూజు లేదు. నేను బిగించినంత గట్టిగానూ ఉన్నాయి. పక్క మరలయితే మస్తాన్ వ్యాన్‌లోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చి తిప్పితే గానీ కదల్లేదు. పగటి వెలుతురులో ఇరుసు దుర్బిణిలోంచి చూస్తే, సరిగ్గా నడిమధ్యన ఇసుకలో ఆ నెత్తుటి మరక కనిపించింది.

బావ కాస్త తేరుకున్నాక అడిగాను, ఆ రాత్రి ఆయన దగ్గర ఏ లైటు ఉండిందని.

"యాడి లైటప్పా! బండి లైటు కాలిపోయి శానా దినాలాయ. టార్చి ఇంట్లోనే మరిచిపోయినా. ఆ చీకట్లో నా చెయ్యి నాకే కనపడల్యా. మీరు వచ్చేదాకా ఈడ ఒక మనిషున్నాడని ఎవురికి తెలుస్తుందిలే అనుకుంటా పండుకున్యా."

ఫోటోను మస్తాన్ స్టూడియో కంప్యూటర్లో తిరగేసి పెద్దది చేసి చూశాం. చక్రం, దాని పుల్లలు, ఇసుక మీద ఆ పుల్లల నీడలు. నీడలు చక్రం కిందే పొట్టిగా పడ్డాయి. పెళ్ళి పందిళ్ళలో లైట్లు పట్టించే మస్తాన్‌కు అది చూడగానే తెలిసింది. వెలుగు దూరం నుంచి రాలేదు, చక్రానికి దగ్గరగా, పై నుంచి పడింది. ఎవరో వంగి దీపం పట్టినట్టు.

నాకు తెలిసిన కారణాలన్నీ నేనే వెతికాను. కెమెరా బరువుకు మౌంటు ముందుకు వంగి ఉండొచ్చు. సరే, పక్కకు ఎందుకు తిరిగింది? దూరపు లారీ లైటు అద్దం మీద పడి మెరిసి ఉండొచ్చు. అయితే అంతసేపు కదలకుండా ఎలా ఉంది? కర్నూలులో సైన్సు చెప్పే స్నేహితుడికి ఫోటో చూపించాను. అతను చాలా ప్రశ్నలు అడిగాడు, ఆఖరికి ఫోటో నాకు తిరిగి ఇచ్చి టీ చెప్పాడు.

ఆ తర్వాత అదే మిద్దె మీద, అదే మౌంటుతో ఎన్నో రాత్రులు ఫోటోలు తీశాం. మళ్ళీ ఎప్పుడూ అది కదల్లేదు.

ఆ ఫోటో చూడటానికి అక్క ఒప్పుకోలేదు. బావ మాత్రం కట్టు విప్పిన రోజున తెమ్మన్నాడు. మంచం మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏమంటాడో అని మేమంతా ఆయన ముఖం వైపే చూస్తున్నాం. చివరికి తల ఎత్తి, "టైరు ఇంత అరిగిపోయిందని నాకు తెల్దే" అన్నాడు.

అక్క ముందు నవ్వింది. తర్వాత అందరం నవ్వాం, మస్తాన్‌కైతే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఆ నవ్వుల మధ్య నేను ఇంకోసారి ఫోటో చేతిలోకి తీసుకున్నాను. చక్రం మీద పడిన ఆ వెలుగు ఎవరిదో, ఎక్కడిదో, అప్పుడూ తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.