పడుగు దాటని గోడ

ఎక్కడైనా ముందు ఊరు పుడుతుంది, తర్వాత అందులోకి కాన్వెంటు వస్తుంది. మాది తిరగబడ్డ పుట్టుక. పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలో, జొన్న కూడా మొలవనని మొండికేసిన రాళ్ల నేలలో, కన్యాస్త్రీలు ముందు కాన్వెంటు కట్టుకున్నారు. రాళ్లు కొట్టినవాళ్లు పని అయిపోయినా గుడిసెలు పీకలేదు. వాళ్లకు బొరుగులమ్మడానికి ఒకామె వచ్చింది. ఆమె వెనకే ఆమె చుట్టాలు. ఊరికి పేరు పెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు. "యాడుంటారప్పా?" అని అడిగితే "కాన్వెంటు కాడ" అనేవాళ్లం. అదే పేరైపోయింది.

మేం ఇక్కడికి వచ్చింది భక్తితో కాదు, చోటు కోసం. నేతకు ముందు పట్టు పడుగును, అంటే చీర నిలువు పోగులను, బారుగా చాపి సరిచేసుకోవాలి. ధర్మవరంలో మా సందు ఎంత ఇరుకంటే, పడుగు చాపగానే పక్కింటి ఎద్దు పందిరనుకుని దాని కింద పడుకునేది. ఇక్కడ ఎంత పొడుగైనా చాపుకోవచ్చు. మగ్గాలవాళ్లం కొందరం ఒకరి వెనక ఒకరం వచ్చేశాం. అప్పటికే నేను బడిని వదిలేశాను. బడి నన్ను అంతకు ముందే వదిలేసింది.

నీళ్లకు కాన్వెంటు ముందున్న బావి ఒక్కటే గతి. సిస్టర్లు ఎప్పుడూ వద్దనలేదు. కానీ రెండో యుద్ధం మొదలయ్యే రోజుల్లో మా మేకలు వాళ్ల పూలతోటను మొదలంటా మేసేశాయి. కాన్వెంటు పెద్ద అయిన మదర్, కాన్వెంటు చుట్టూ గోడ కట్టమని పెనుకొండ మేస్త్రీకి చెప్పి బెంగళూరు పోయింది. మేస్త్రీ దారం లాగి చూపించాడు. బావి గోడ లోపలికి పోతుంది. బావి పోతే ఊరు పోయినట్టే.

మర్నాడు మేస్త్రీ వచ్చేసరికి, కాన్వెంటుకూ బావికీ మధ్య, బావిని చుట్టడానికి వచ్చే పునాది గీతకు సరిగ్గా అడ్డంగా, మా అవ్వ ఎర్ర పడుగు చాపించి కూర్చుంది.

"ఇది తీయవ్వా, పునాది తవ్వాల."

"ఇప్పుడు తీస్తే పోగులన్నీ చిక్కుపడతాయి నాయనా."

"అట్లయితే దాటుకొని పోతా."

"పో. చాపిన పడుగు దాటినోని ఇంట్లో ఏమైతాదో నేను చెప్పను. నీ పెండ్లామే చెప్తాది."

చాపిన పడుగును మా వైపు ఎవరూ దాటరు. మేస్త్రీ కూడా మా వైపు మనిషే. మర్నాడు పసుపు పడుగు, ఆ మర్నాడు పచ్చది. ఇంటికొకటి వంతులు వేసుకున్నాం. పట్టు అయిపోయాక ఆ పచ్చదాన్నే మళ్లీ మళ్లీ చాపాం. పాపం, సరిచేయడానికి దాంట్లో ఒక్క పోగూ మిగల్లేదు.

"ఏమన్నా, దేవుని గోడకు తొందరేముండాది?" అని నేను మేస్త్రీని పలకరించేవాణ్ణి. అతను నా మొహం చూసేవాడు కాదు. కూలీలను ఊరికే కూర్చోబెట్టలేక చివరికి పునాదిని పక్కకు తిప్పి, పడుగు వెంబడే కాన్వెంటు వైపున తవ్వించాడు.

మదర్ తిరిగొచ్చేసరికి గోడ మోకాలెత్తు లేచింది. బావి బయటే ఉంది. ఆమె దొరసాని. తెలుగును పుస్తకం చూసి నేర్చుకుంది.

"ఈ గోడ ఏల వంగినది?"

మేస్త్రీ పడుగు వైపు వేలు చూపించాడు. మదర్ వంగి పట్టును పరీక్షగా చూసింది. దాని నిండా దుమ్ము.

"ఈ చీర ఎప్పటికి సిద్ధమగును?"

"గోడ లేసినాక తల్లీ," అంది అవ్వ.

మదర్ బావిని చూసింది, బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లను చూసింది, మళ్లీ అవ్వను చూసింది.

"మేస్త్రీ, ఇచట ఒక తలుపు పెట్టుము. మేమును నీళ్లకు రావలెను కదా."

అలా సిస్టర్లు రోజూ బిందెలు పట్టుకుని మా వరుసలో నిలబడాల్సి వచ్చింది. మదర్ కూడా వచ్చేది. మా అవ్వకేమో తోడుకున్నాక కూడా బావిగట్టు మీదే బిందె పెట్టుకుని మాట్లాడే అలవాటు. ఏడాది తిరక్కుండానే ఒక పొద్దున వెనక నుంచి మదర్ గొంతు వినిపించింది.

"ఏమవ్వా, బిందె ఎత్తుతాండావా, ఈడనే కాపురం పెడతాండావా?"