ఆఖరున ఏం మార్చారు?

కొండపల్లి నుంచి విజయవాడ వచ్చే బస్సులో డైరీ తెరిచి కూర్చున్నాను. ఇంట్లో కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఎప్పుడెప్పుడు తెగిపోయిందో తేదీ, సమయంతో సహా అందులో రాసి ఉంది. ఆ రాతలు చూపించి, మా వీధి ఇంటర్నెట్ లైన్‌మన్ మీద కంపెనీకి మూడుసార్లు ఫిర్యాదు చేశాను. అతన్ని పనిలోంచి తీసేశారు. అయినా ఇంటర్నెట్ తెగిపోతూనే ఉంది.

పక్క సీట్లో ఆటోనగర్ మెకానిక్ ఒకాయన కూర్చున్నాడు. డైరీలోకి తొంగిచూసి, "ఏంటండీ, బస్సుల టైములా?" అన్నాడు. సంగతి చెప్పాను.

"నాకు కంప్యూటర్లు తెలీవు గానండీ, బండి తెస్తే మేం ముందు అడిగేదొకటే. ట్రబులు మొదలవకముందు ఆఖరున ఏం మార్చారు?"

"ఏమీ మార్చలేదు."

"అందరూ అదే అంటారండీ. మీరు రాసిపెట్టుకునే మనిషి కదా, చూడండి."

మొదటిసారి తెగిన రోజుకు ముందు రోజు పేజీ తిప్పాను. నా చేతిరాతే: "ఆపరేటింగ్ సిస్టమ్‌లో పాత కెర్నల్ మార్చి కొత్తది ఎక్కించాను." కంప్యూటర్‌లో ఇంటర్నెట్‌తో సహా అన్నిటినీ నడిపే ప్రోగ్రామే కెర్నల్.

ఆయన చదివాడు. డైరీ మూసి, నా ఒళ్లో పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇంటికి వెళ్లి పాత కెర్నల్‌తోనే కంప్యూటర్ నడిపాను. వారం రోజుల్లో ఒక్కసారి కూడా తెగలేదు. తప్పు నాదేనని, లైన్‌మన్‌ను తిరిగి పనిలోకి తీసుకోమని ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. అతని పేరు కోసం డైరీ అంతా వెతికాను. మరమ్మతుకు వచ్చిన ప్రతిసారీ ఎన్ని నిమిషాలు ఆలస్యం చేశాడో రాశాను. పేరు మాత్రం ఎక్కడా రాయలేదు.